ఎరుపంటే వాన ఎక్కువా, తక్కువా?

(మూడవ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి, తుగ్గలి)

రంగుకు దానంతట దానికి అర్థమేమీ లేదు. పదిమంది ఒప్పుకుంటే వస్తుంది. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. పురుగుమందు డబ్బా మీద, చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి అడ్డంగా రెండు త్రికోణాలు చేసినట్టు ఒక గుర్తు ఉంటుంది. కింది త్రికోణం ఎర్రగా ఉంటే అత్యంత విషం. పసుపైతే దాని తర్వాతిది, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చ అయితే స్వల్పం. ప్రయోగశాలలో సగం జంతువులు చావడానికి వాటి కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపు మందు చాలితే ఎరుపు. 5000 మిల్లీగ్రాములు దాటితే ఆకుపచ్చ. 1971 నాటి నిబంధనలతో దేశమంతటా ఇదే లెక్క. పై త్రికోణంలో ఎరుపు రకానికి పుర్రె బొమ్మ, ‘విషం’ అన్న మాట కూడా వేస్తారు. రంగు ఒక్కదాన్నే నమ్ముకోలేదన్నమాట. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

అదే నీలం రంగు విత్తనం బుడ్డల సంచికి కట్టిన చీటీ మీద ఉంటే అర్థం వేరు: ధ్రువీకరించిన విత్తనం. తెల్ల చీటీ అయితే మూలవిత్తనం. ఒకే నీలం ఒకచోట జాగ్రత్త అంటోంది, ఇంకోచోట నిశ్చింతగా వేసుకోమంటోంది. అయినా మా నాయనగానీ ఊర్లో మరొకరుగానీ పొరబడింది లేదు. డబ్బా డబ్బానే, సంచి సంచే గదా! కంప్యూటరు ప్రోగ్రాములో మాత్రం డబ్బా, సంచి రెండూ ఒకే తెర మీదికి వచ్చి కూర్చుంటాయి. తంటా అక్కడ మొదలవుతుంది.

మన కాలేజీలో కొన్నేండ్లుగా కొందరు విద్యార్థులు తమ తమ ఊర్ల వాన లెక్కలు ఒకచోట చేరుస్తున్నారు. పొద్దున 8.30కి రెయిన్‌గేజిలో పడ్డ నీళ్ళు కొలిచి మిల్లీమీటర్లలో రాసుకోవడం, నెలాఖరుకు ఫైలు పంపడం, ఇంతే పని. మా పడమటి కర్నూలు మెట్ట సీమలో వాన సంగతి ఉబుసుపోక మాట్లాడుకునేది కాదు. బుడ్డలు విత్తాలా, ఇంకో పదును కోసం ఆగాలా అన్నది దాని మీదే ఉంటుంది. ఈ ఫైళ్ళను చదివి లెక్క కట్టే చిన్న ప్రోగ్రామును ఎప్పుడో ఒక అన్న పైథాన్‌లో రాసిపెట్టి పోయినాడు. తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క అతికించారు. చివరకు నాలుగు ఆజ్ఞలైనాయి: ఒకటి రోజువారీ వాన చూపేది, ఒకటి నెల మొత్తం కట్టేది, ఒకటి మామూలు వానతో పోల్చేది, ఒకటి ఫైలులో తప్పులు వెదికేది. దాన్నంతా గో భాషలో ఒకే ప్రోగ్రాముగా తిరగరాసే పని ఈ ఏడు నాకు వచ్చింది. ఒక్క ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుపోతే ఏ ఊర్లోనైనా నడవాలన్నది కోరిక.

లెక్కలు తిరగరాయడం కష్టమేమీ కాలేదు. కష్టమంతా రంగుల దగ్గరే.

రోజువారీ ఆజ్ఞలో ఎరుపంటే భారీ వాన. పోలిక ఆజ్ఞలో ఎరుపంటే లోటు. తనిఖీ ఆజ్ఞలో ఎరుపంటే ఫైలులో తప్పు అంకె ఉందని. ఒకే ప్రోగ్రాము, ఒకే తెర, మూడు అర్థాలు! రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కారు. మన భారత వాతావరణ శాఖ పటాలు చూస్తే కారణం తెలుస్తుంది. ఆ శాఖ హెచ్చరికలకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వాడుతుంది. అక్కడ భారీ వానలకు ఎర్ర హెచ్చరిక వచ్చిందంటే నీళ్ళు ముంచెత్తుతాయని. అదే శాఖ వేసే వర్షపాత పటంలో మామూలుకంటే 20 నుంచి 59 శాతం తక్కువ పడిన ప్రాంతానికి ఎరుపు, 60 శాతం, అంతకు మించి తగ్గినదానికి పసుపు, ఎక్కువ పడినదానికి నీలం. దేని పటం దానికి సరిగ్గానే ఉంది. అక్కడ ప్రమాదానికి రంగు, ఇక్కడ పరిమాణానికి రంగు. మా ప్రోగ్రాములో రోజువారీ ముక్క రాసినవాడు హెచ్చరికల పటం చూసి రాశాడు, పోలిక ముక్క రాసినవాడు వర్షపాత పటం చూసి రాశాడు. ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు, అంతే.

ఇది సగం గొడవ. రంగు వేయాలా వద్దా అనే విషయంలో ఇంకో సగం ఉంది. అది తెలియాలంటే టెర్మినల్ కథ కొంచెం చెప్పాలి.

టెర్మినల్ అంటే బొమ్మలూ బటన్లూ లేకుండా, ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ కొడితే జవాబు అక్షరాల్లో వచ్చే నల్లతెర. దాని తాత టెలిప్రింటరు. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాము సేవ ఆగిపోయింది గనుక మా వయసువాళ్ళకు ఆ యంత్రం చప్పుడు తెలియదు. ఈ సంచికను చదివే పాత విద్యార్థులకు తెలిసే ఉంటుంది. యూనిక్స్ పుట్టినప్పుడు కంప్యూటరుకు తగిలించింది ఆ యంత్రాలనే. అందుకే ఇవాళ్టికీ టెర్మినల్‌ను ‘టీటీవై’ అని, అంటే టెలిటైపు అని, పొట్టిపేరుతో పిలుస్తారు. తర్వాత గాజు తెరలు వచ్చాయి. 1978లో వచ్చిన డెక్ కంపెనీ వీటీ-100 వాటిలో పేరున్నది. తెరకు ‘ఇక్కడినుంచి ఎర్రగా రాయి’ అని చెప్పాలంటే వేరే తీగె లేదు. అక్షరాలు పోయే దారిలోనే ఒక సంకేతం కలిపి పంపాలి: 27వ నంబరు ఎస్కేప్ అక్షరం, దాని వెనక చదరపు బ్రాకెట్టు, 31 అంకె, చివర ‘ఎమ్’ అక్షరం. మామూలు రంగుకు తిరిగి రావాలంటే 31 బదులు 0. నలుపు నుంచి తెలుపు దాకా ఎనిమిది రంగులకు 30 నుంచి 37 వరకు అంకెలు. 1976లో ఈసీఎంఏ-48 అనే ప్రమాణంగా, 1979లో అమెరికా జాతీయ ప్రమాణంగా ఈ సంకేతాల పద్ధతి అచ్చయింది.

చూశారా, రంగూ అక్షరమూ ఒకే కాలువలో పోతున్నాయి. కాలువ చివర తెర ఉంటే అది సంకేతాన్ని మింగి రంగు వేస్తుంది. తెర బదులు ఫైలు ఉంటే? ఫైలుకు మింగడం చేతకాదు. అంకె పక్కన ఆ చెత్తంతా అట్లాగే పడి ఉంటుంది.

దీనివల్ల ఏమవుతుందో ఒక లెక్క చూపుతాను. అంకెలు ఊహించి వేసినవే. ఒక వారంలో వాన 4.5, 0, 71.0, 12.5, 0, 3.0, 0 మిల్లీమీటర్లు అనుకుందాం. మొత్తం 91.0. వాతావరణ శాఖ లెక్కలో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వాన గనుక ప్రోగ్రాము 71.0 ఒక్కదానికి ఎర్రరంగు వేస్తుంది. ఈ జవాబును ఫైలులోకి మళ్ళించి, ఆ ఫైలును స్ప్రెడ్‌షీటులో తెరిచి, కింద మొత్తం కట్టమంటే 20.0 వస్తుంది. 71.0 చుట్టూ సంకేతాలు ఉన్నందున స్ప్రెడ్‌షీటు దాన్ని అంకె అనుకోదు, మాట అనుకుంటుంది. మాటలను మొత్తంలో కలపదు. కలపలేదని చెప్పదు కూడా. ఏ రోజు ముఖ్యమని రంగు వేశామో సరిగ్గా ఆ రోజే లెక్కలోంచి ఎగిరిపోతుంది.

ఇదేదో పుస్తకాల్లో ఊహ అనుకోకండి. నాకు ముందు బ్యాచి తయారుచేసిన ఒక నివేదికలో ఒక నెల లోటు నెలగా చదివారు. వెనక బెంచీలోంచి ఆ ఊరి అబ్బి ఒకడు లేచి, “ఆ నెలలో మా వంక రెండుసార్లు పారిందన్నా, లోటు యాడుంది?” అన్నాడు. అంకెలు చూపించి వాణ్ణి కూర్చోబెట్టారు. తర్వాత పాత కాగితాలు తీసి చూస్తే వాడు చెప్పిందే నిజం. రెండు భారీ వానలు మొత్తంలో లేవు. కళ్ళతో చూసినవాడి మాటకంటే అచ్చయిన అంకెకే సభలో విలువ ఎక్కువ గనుక, అచ్చయ్యే అంకె విషయంలో ఎంత జాగ్రత్తగా ఉన్నా తప్పులేదని నాకనిపించింది.

ఇంతకూ ప్రోగ్రాముకు తన జవాబు తెరకు పోతోందా ఫైలుకు పోతోందా అన్నది తెలుసుకునే వీలు ఉంది. ‘ఈజ్-ఎ-టీటీవై’ అనే ప్రశ్న వేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ అవునో కాదో చెబుతుంది. పాత ప్రోగ్రాములో రోజువారీ ఆజ్ఞ ఆ ప్రశ్న వేసేది. నెల మొత్తం కట్టే ఆజ్ఞ వేసేది కాదు, ఎప్పుడూ రంగు పూసేది. పోలిక ఆజ్ఞ ఒక సెట్టింగుల ఫైలు చదివేది. తనిఖీ ఆజ్ఞ ‘నో_కలర్’ అనే పరిసర చరరాశిని చూసేది. రంగు వద్దనుకున్నవాడు నాలుగు చోట్ల నాలుగు విధాలుగా బతిమాలుకోవాలి.

ఈ గందరగోళం మన ఒక్కరి ఇంట్లోదే కాదు. ప్రపంచమంతా వాడే పనిముట్లలోనూ ఉంది. ఫైళ్ళ పేర్లు చూపే ‘ఎల్‌ఎస్’నే తీసుకోండి. లినక్స్‌లో ఉండే గ్నూ ఎల్‌ఎస్ తన రంగులను ‘ఎల్‌ఎస్_కలర్స్’ నుంచి చదువుతుంది. మ్యాక్‌లో ఉండే బీఎస్‌డీ ఎల్‌ఎస్ మధ్యలో గీత లేని ‘ఎల్‌ఎస్‌కలర్స్’ నుంచి చదువుతుంది, రాసే పద్ధతి కూడా పూర్తిగా వేరు. మాటలు వెదికే గ్రెప్‌లో ‘గ్రెప్_కలర్’ అని ఒకటి, ‘గ్రెప్_కలర్స్’ అని ఇంకొకటి ఉండేవి. మొదటిది ఇక వాడొద్దని 2022లో వచ్చిన 3.8 కూర్పు హెచ్చరించడం మొదలుపెట్టింది. ఇంకా ‘గ్రెప్_ఆప్షన్స్’ అని ఉండేది. అందులో ‘ఎప్పుడూ రంగు వేయి’ అని ఒకసారి రాసి పెట్టుకుంటే, ఆ మనిషి నడిపే ప్రతి స్క్రిప్టులోని గ్రెప్ కూడా రంగు పూసి, తర్వాతి ప్రోగ్రాము నోట్లో చెత్త పోసేది. 2014లో దాన్ని వద్దన్నారు, 2020 నాటికి పూర్తిగా పీకేశారు. గిట్ అయితే 2013లో 1.8.4 కూర్పుతో, తెర అయితే రంగు, కాకపోతే లేదు అన్న ‘ఆటో’ పద్ధతిని ముందే పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. నా దృష్టిలో అదే సరైన పద్ధతి.

2017లో ‘నో_కలర్’ ఒప్పందం వచ్చింది. ఆ పేరుతో ఖాళీ కాని విలువ ఏదున్నా సరే, ప్రోగ్రాము తనంతట తాను రంగు వేయకూడదు. తమాషా ఏమిటంటే దానికి సున్నా విలువ ఇచ్చినా రంగు వద్దనే అర్థం. ‘సున్నా అంటే కాదు కదా, రంగు వేద్దాం’ అనుకోకూడదు సుమా! దీనికి ఎదురుగా బలవంతంగా రంగు వేయించే ‘ఫోర్స్_కలర్’ కూడా వాడుకలో ఉంది. రెండూ కలిపి పెడితే ఏది నెగ్గాలన్నది ఒక్కో ప్రోగ్రాము ఒక్కో రకంగా తేల్చుకుంటుంది.

సరే, మన పని. నేను చేసిన మొదటి మార్పు రంగు నిర్ణయాన్ని ఆ నాలుగు ఆజ్ఞల చేతుల్లోంచి లాగేయడం. ప్రోగ్రాము మొదలవుతూనే ఒక్కచోట, ఒక్కసారి తేలుతుంది. ఎవరి మాట ముందు చెల్లాలో ఒక వరుస పెట్టాను. మనిషి ఆ పూట ఆజ్ఞతోపాటు ‘కలర్=నెవర్’ అనో ‘కలర్=ఆల్వేస్’ అనో టైపు చేస్తే అదే చివరి మాట. అది లేకపోతే నో_కలర్ ఉందేమో చూడాలి. అదీ లేకపోతే తెరా కాదా అని అడగాలి, తెర అయితేనే రంగు. సెట్టింగుల ఫైలులో ఏ రంగు అన్నది మార్చుకోవచ్చుగానీ ‘ఎప్పుడూ వేయి’ అని రాసే వీలు ఉంచలేదు. గ్రెప్ అనుభవం చూశాక ఆ తలుపు తెరవబుద్ధి కాలేదు. ఇంకొక మెలిక ఉంది: జవాబు పోయే దారి, తప్పుల కబురు పోయే దారి వేరువేరు. జవాబును ఫైలుకు మళ్ళించినా తప్పుల కబురు తెర మీదికే రావచ్చు. కాబట్టి ఆ ప్రశ్న రెండు దారులకూ విడివిడిగా వేయాలి.

రెండో మార్పు, లెక్క కట్టే భాగంలో ఎక్కడా రంగు పేరు రాయకపోవడం. అక్కడ ‘భారీ’, ‘లోటు’, ‘తప్పు’ అని మాత్రమే ఉంటుంది. ఏ మాటకు ఏ రంగు అన్నది ఒక్క పట్టికలో. పట్టిక రాసేటప్పుడు వాన ఎక్కువ తక్కువలకు వర్షపాత పటం నీలాన్నే దగ్గరగా తీసుకున్నాను. ఐతే నల్లతెర మీద ముదురు నీలం కనబడి చావదు గనుక ఆకాశనీలం పెట్టాను. లోటుకు పసుపు. ఎరుపును తప్పు అంకెకు మాత్రమే ఉంచాను. భారీ వాన పడితే సంతోషించాలా భయపడాలా అన్నది కంది చేను ఏ దశలో ఉందో చూసుకుని రైతు తేల్చుకుంటాడు, అది ప్రోగ్రాము చెప్పేది కాదు. మైనస్ 5 మిల్లీమీటర్ల వాన మాత్రం ఎవరి చేనులోనైనా తప్పే.

మూడో సంగతి మా హాస్టలు స్నేహితుడి వల్ల తట్టింది. ఆదోని నుంచి వచ్చినవాడు, అతనికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. ఈ లోపపు జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి గనుక ఆడవారిలో కంటే మగవారిలో బాగా ఎక్కువ. ఉత్తర ఐరోపా సంతతి మగవారిలో నూటికి 8 మందికి ఉంటుందని లెక్క. పాత పోలిక ఆజ్ఞలో లోటు ఊరికీ మామూలు ఊరికీ రంగు ఒక్కటే తేడా, మాట లేదు. అతను ప్రతి అంకెనూ కాగితం మీద మళ్ళీ లెక్కేసుకునేవాడు. ఎవరికీ చెప్పేవాడు కాదు. అందుకే పురుగుమందు డబ్బా దారి పట్టాను: రంగుతోపాటు గుర్తు కూడా. భారీకి కూడిక గుర్తు, లోటుకు తీసివేత గుర్తు, తప్పుకు ఆశ్చర్యార్థకం. రంగు తీసేసినా సమాచారం ఏమీ తగ్గదు. ల్యాబులో ఉన్న నలుపు-తెలుపు ప్రింటరుకు కూడా ఇదే అక్కరకొచ్చింది. పూర్తి తెలుగు మాటే పెడదామనుకున్నానుగానీ, మన ఒత్తులూ గుణింతాలూ నల్లతెర గళ్ళలో సరిగా ఇమడవు. అక్షరాల లెక్క ఒకటి, తెర మీద వెడల్పు ఒకటి అవుతుంది, నిలువు వరుస వంకర పోతుంది. తెలుగు మాటలను వరుస చివరికి నెట్టాను.

నిలువు వరుస అన్నాను గనుక ఇంకొకటి. పాత ప్రోగ్రాములో రంగు పడిన అంకె ఎప్పుడూ పక్కకు జరిగి ఉండేది. 71.0లో నాలుగు అక్షరాలు. ముందు సంకేతం ఐదు, వెనక సంకేతం నాలుగు, మొత్తం పదమూడు. ఎనిమిది గళ్ళలో కుడివైపుకు సర్దమంటే, ‘ఇప్పటికే పదమూడున్నాయి, ఖాళీ ఎందుకు’ అని ప్రోగ్రాము ఊరుకుంటుంది. కంటికి కనబడేవి నాలుగే. పరిష్కారం చాలా తేలిక: ముందు ఖాళీలతో సర్ది, ఆ తర్వాత రంగు పూయాలి. గోడ కట్టినాకే సున్నం.

తిరగరాయడంలో అసలు చిక్కు ఇంకోటి, ఎవరో ఒకరు పాత వంకర మీదే ఆధారపడి ఉంటారు. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో పాత గ్నూ పనిముట్ల స్థానంలో రస్ట్ భాషలో తిరగరాసినవి పెట్టారు. పాతవి ఎట్లా నడిచేవో అట్లాగే నడవాలని వాటిని గ్నూ పరీక్షలతోనే పరీక్షిస్తూ వచ్చారు. అయినా ‘డేట్’ ఆజ్ఞలో ఒక ఐచ్ఛికం పనిచేయక, నవీకరణలు తమంతట తాము వెదుక్కునే పని దెబ్బతిన్నది. మన దగ్గరా ఒక జూనియర్ స్క్రిప్టు ఉంది. భారీ వాన రోజులెన్నో తెలుసుకోవడానికి అది నెల మొత్తం జవాబులో 31 నంబరు రంగు సంకేతాన్ని వెదికేది! నేను రంగు తీసేస్తే దానికి సున్నా రోజులు వస్తాయి. నవ్వొచ్చినా అతని తప్పేమీ లేదు, భారీ వాన అని చెప్పేది ఆ జవాబులో ఇంకేమీ లేదు మరి. ఇప్పుడు ‘ప్లెయిన్’ అనే ఐచ్ఛికంతో అడిగితే తేదీ, ఊరు, మిల్లీమీటర్లు, గుర్తు కామాలతో వేరుచేసి వస్తాయి. ఆ జవాబులో ఎంత అడిగినా రంగు రాదు. అతని స్క్రిప్టు నాలుగో గడిలో కూడిక గుర్తును లెక్కపెడుతోంది.

పరీక్ష కూడా పెట్టాను. నాలుగు ఆజ్ఞల జవాబులనూ ఫైళ్ళలోకి మళ్ళించి 27వ నంబరు అక్షరం ఒక్కటి కనబడినా ప్రోగ్రాము విడుదల కాదు. పాత కాగితాలతో సరిచూసిన నెలల్లో ఆ లోటు నెల కూడా ఉంది. అది ఇప్పుడు మామూలు నెలగా వస్తోంది, రెండు కూడిక గుర్తులతో.

పాత నాలుగు ఆజ్ఞల పేర్లు ఈ విద్యా సంవత్సరం చివరిదాకా పనిచేస్తాయి. పొడవైన జవాబును ‘లెస్’లోకి పంపి రంగులతో చదువుకోదలచినవారు మన ప్రోగ్రాముకు ‘కలర్=ఆల్వేస్’ అని, లెస్‌కు పెద్ద ‘ఆర్’ ఐచ్ఛికం ఇచ్చి నడపాలి. లేకపోతే అంకెల చుట్టూ ఎస్కేప్ సంకేతాలే కనబడతాయి.